నూరేళ్ళ గోడకు నెత్తళ్ళ వాసన

నాకొక సవతి ఉంది. వయసు నూరు దాటింది. తెల్లగా ఉంటుంది, ముందు చిన్న వరండా, నెత్తిన వాలు కప్పు, ఒళ్ళంతా చెక్క పలకలు. మా ఆయన దాన్ని చూసిన మొదటి రోజే మనసు పారేసుకున్నాడు. ఆ సమయంలో నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

ఎదురుగా ఉన్నప్పుడు ఆయన్ని మీరు అనే అంటాను. వెనకాల చెప్పుకునేటప్పుడు ఇలా వస్తుంది. ఈ కథ విన్నాక మీరే అంటారు, ఈ మాత్రం మర్యాద ఎక్కువేనని.

ఆ సవతి ఉండేది అమెరికాలో, బెంటన్‌విల్‌కి అరగంట దూరంలో ఒక పాత ఊళ్ళో. బెంటన్‌విల్‌లో మన వాళ్ళందరం ఆ పెద్ద షాపుల కంపెనీకి ఏదో ఒక దారిలో పని చేస్తూనే ఉంటాం, కొందరు నేరుగా, చాలామంది కాంట్రాక్టర్ల ద్వారా. ఇళ్ళు మాత్రం అందరూ కొత్త కాలనీల్లో కొంటారు. గోధుమ రంగు ఇళ్ళు, అన్నీ ఒకేలా ఉంటాయి, చీకట్లో వస్తే పక్కింటి తలుపు తట్టే ప్రమాదం ఉంది. కానీ ఒక్కో ఇంటికీ పెద్ద గరాజ్ ఉంటుంది. ఆ గరాజ్‌లో రెండో పొయ్యి ఉంటుంది. చేపలు, రొయ్యలు, గాటు పోపులు అన్నీ అక్కడే. కారు బయట మంచులో తడుస్తుంది, పొయ్యి లోపల వెచ్చగా ఉంటుంది. అమెరికాలో తెలుగువాళ్ళు కనిపెట్టిన గొప్ప సంగతి ఏమిటని ఎవరైనా నన్నడిగితే గరాజ్ పొయ్యి అనే చెబుతాను.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా ఆయన గరాజ్ లేని ఇల్లు కొన్నాడు.

"దీనికి హెరిటేజ్ వాల్యూ ఉంది" అన్నాడు.

"తినడానికి పనికొస్తుందా?" అన్నాను.

ఆయన వినలేదు. గోడ మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు. మన పెంకుటింటి కప్పులో పెంకు మీద పెంకు దిగినట్టు, ఆ గోడల్లో పై పలక అంచు కింది పలక మీదకి దిగి ఉంటుంది. వాన జారిపోవడానికట. అలాంటి పైన్ చెక్క ఇప్పుడు దొరకదట. కిటికీ అద్దాల్లోంచి చూస్తే వీధి కాస్త వంకరగా కనిపిస్తుంది, అదీ గొప్పేనట. ఇవన్నీ ఆయన మా చర్చివాళ్ళకి ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు. వాళ్ళు తలలూపి, కారెక్కాక, "పాపం, బడ్జెట్ సరిపోలేదేమో" అనుకున్నారు.

ఆ వీధి వీధంతా పాత ఇళ్ళే. బయటివైపు ఏం మార్చాలన్నా ఊళ్ళో ఒక కమిటీ అనుమతి ఇవ్వాలి. లోపల మన ఇష్టం. ఆ కమిటీకి పెద్ద మా పక్కింటావిడే. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర, తలకి పువ్వుల స్కార్ఫు. అందరినీ 'హనీ' అంటుంది. మనసులో నేను ఆవిడని మామ్మగారు అనుకునేదాన్ని.

గృహప్రతిష్ఠ కూడికకి మా తెలుగు చర్చి పాస్టరు గారు వచ్చి, ఈ గృహము సువాసనతో నిండాలని ప్రార్థన చేశారు. నేను అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నాను. ఆ శనివారమే, చర్చి అక్క ఒకావిడ బందరు నుంచి సూట్‌కేస్‌లో తెచ్చిన నెత్తళ్ళు, వేలెడేసి ఎండుచేపలు, వేయించి ఆ ప్రార్థన నెరవేర్చాను.

లోపలి గోడలు కూడా చెక్కే. కాబట్టి నెత్తళ్ళ వాసన గోడల్లోకి వెళ్ళింది, ఇక బయటికి రాలేదు. ఆదివారం ఉంది, సోమవారం ఉంది, మా ఆయన చొక్కాతో పాటు ఆఫీస్‌కి కూడా వెళ్ళింది. ఆయన గోడకి ముక్కు ఆనించి ఒక్కో గదీ తిరిగాడు, డాక్టరు రోగి గుండె చూసినట్టు.

"వుడ్ బ్రీత్ చేస్తుందే! మొత్తం పీల్చేసింది" అన్నాడు ఏడుపు గొంతుతో.

"పీల్చుకోనివ్వండి. నూరేళ్ళ నుంచీ ఆకలిగా ఉందేమో."

ఆయనకి నవ్వు రాలేదు. ఆ ఇంట్లో ఇక చేపలు, ఎండుచేపలు, ఎండుమిరపకాయల పోపు ఏవీ వద్దని తీర్మానం చేశాడు. కావాలంటే స్నేహితుల గరాజ్‌లో వండుకుని తెచ్చుకోమన్నాడు. అదేదో ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు.

కొన్నాళ్ళు అదీ చేశాను. శనివారం పొద్దున్నే మూకుడు పక్క సీట్లో పెట్టి, దానికి సీటుబెల్టు కూడా కట్టి, కాలనీలో ఉన్న స్నేహితురాలి ఇంటికి డ్రైవ్ చేసేదాన్ని. వాళ్ళ కారుకీ గడ్డి కోసే మిషనుకీ మధ్య నిలబడి వేయించేదాన్ని. ఒక శనివారం వాళ్ళింటికి చుట్టాలొచ్చారు. నేను వంటమనిషిననుకుని, "ఇంకో నాలుగు ముక్కలు వెయ్యమ్మా" అన్నారు. వేశాను. తిరిగి వస్తుంటే కారులో నాకు ఏడుపొచ్చింది. సొంత ఇల్లు ఉండి, రెండు జీతాలుండి, గుప్పెడు నెత్తళ్ళ కోసం పరాయి వాళ్ళ గరాజ్‌లో నిలబడటమేమిటి? ఆ ఇంట్లో నేను ఇల్లాలిని కాదు, ఇల్లు చూడటానికి వచ్చి ఉండిపోయిన చుట్టాన్ని.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. "నా పొయ్యికి చోటు చూపిస్తే ఈ ఇంట్లో ఉంటాం. లేదంటే అమ్మేసి కాలనీకి పోదాం."

"ఓకే ఓకే. స్టాంపింగ్‌కి వెళ్ళొచ్చాక డిసైడ్ చేద్దాం" అన్నాడు.

వీసా స్టాంపింగ్‌కి హైదరాబాదు వెళ్ళాడు. అక్కడ కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ తీసుకుని, ఇంకా చూడాలి, ఆగమన్నారు. ఇలా ఆగమంటే ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు. అందరూ నా మీద జాలిపడ్డారు, భర్త అక్కడ ఇరుక్కుపోయాడని. నేనూ తగినంత విచారంగా ముఖం పెట్టాను. ఫోన్ పెట్టేయగానే టేపు తీసుకుని వెనక వరండా కొలిచాను.

నా ఉద్యోగం టెస్టింగు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. కాబట్టి పొయ్యి ఎక్కడ పెట్టాలో కూడా టెస్ట్ చేశాను. గాలి బాగా వీచే సాయంత్రం చూసి, వరండాలో ఒక్కో మూలా అగ్గిపుల్ల వెలిగించి పట్టుకున్నాను. మూడు చోట్ల ఆరిపోయింది. ఒక మూల మాత్రం వేలు కాలేదాకా వెలిగింది. అదే నా పొయ్యి మూల అని నిర్ణయించాను.

చర్చి తమ్ముళ్ళు ఇద్దరు సాయం వచ్చారు. ఇద్దరూ సాఫ్ట్‌వేరే, ఇద్దరూ రంపం పట్టడం అదే మొదలు. వీడియో చూసి ఆపి, కోసి, మళ్ళీ చూసి, ఆ మూల చుట్టూ ప్లైవుడ్ తడకలా నిలబెట్టారు. పైన రేకు వేశారు. లోపల గ్యాస్ సిలిండరు, రెండు బర్నర్ల పొయ్యి. అంతా బాగానే ఉంది కానీ, వేడి మూకుడు పట్టుకుని వరండా చుట్టూ తిరిగి లోపలికి రావాలి. అందుకని గిన్నెలు అందుకోవడానికి ఇంటి గోడకి ఒక కంత పెట్టమన్నాను.

"అక్కా, ఇది ఒరిజినల్ గోడ కదా. అన్న ఊరుకుంటాడా?" అన్నాడు పెద్ద తమ్ముడు.

"అన్న ఇక్కడ లేడుగా. కొయ్యి."

కోశాడు. పలకలు మేమనుకున్నంత మొండికెయ్యలేదు, తేలిగ్గా ఊడొచ్చాయి. వాటి వెనక గోడ లోపల నల్లగా, పొగచూరినట్టుంది. పాత ఇల్లు కదా, నల్లగా ఉండక ఏం చేస్తుంది అనుకుని కంత పక్కన బయటపడ్డ చోట ప్లైవుడ్ ముక్క కొట్టేయించాను. తప్పులు పట్టే ఉద్యోగం ఆఫీసులోనే, శనివారాలు సెలవు.

ఆ శనివారం నుంచి నా పొయ్యి వెలిగింది. నెత్తళ్ళు, ఆ పై వారం చేపల పులుసు, ఆ పై వారం రొయ్యల వేపుడు. ఇంట్లో గోడలకి ఒక్క రవ్వ వాసన లేదు. ఒకటే చిక్కు, పక్కింటి మామ్మగారు. నేను పొయ్యి ముట్టించగానే ఆవిడ కర్ర పట్టుకుని కంచె దగ్గరికి వచ్చి నిలబడేది. కళ్ళు మూసుకుని, ముఖం పైకెత్తి, కదలకుండా. పాపం, వాసన భరించలేక ఊపిరి బిగబడుతోంది అనుకున్నాను. రెండు మెతుకులు పెడదామన్నా, ఏమనుకుంటుందో అని భయం.

మా ఆయన పాస్‌పోర్ట్ వచ్చింది, ఆయనా వచ్చాడు. సూట్‌కేసు హాల్లో వదిలి, ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి వెళ్ళాడు. నేను ఎలా ఉన్నానో తర్వాత. వెనక నుంచి కేక వినిపించింది.

"ఒరిజినల్ సైడింగ్ కట్ చేశావా!"

వెళ్ళి చూస్తే కింద కూర్చుని, కోసిన పలకల ముక్కలు ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటి మీద చెయ్యి వేసి, "హండ్రెడ్ ఇయర్స్... హండ్రెడ్ ఇయర్స్ నిలబడ్డాయే ఇవి" అన్నాడు. నాకు జాలి వేసిన మాట నిజం. అది ఎక్కువసేపు లేదు.

ఆ వారంలోనే మా ముందు గడ్డిలో పచ్చరంగు బోర్డు ఒకటి పాతారు. అనుమతి లేకుండా ఇంటి బయటివైపు మార్చినందుకు కమిటీ విచారణ అని. వీధిలో పోయేవాళ్ళంతా ఆగి చదివి వెళ్ళారు. ఎవరు ఫిర్యాదు చేశారో బోర్డు మీద లేదు కానీ నాకు అనుమానం అక్కర్లేదు. కంచె దగ్గర కళ్ళు మూసుకుని నిలబడింది ఇంకెవరు?

"ప్లైవుడ్ తీసేసి, గోడ మూసేసి, సారీ చెబుదాం. వదిలేస్తారు" అన్నాడు మా ఆయన.

"తీసేయండి. దాంతో పాటు ఇల్లు అమ్మకానికి పెట్టండి. మాట మాటే. పొయ్యి పోతే ఇల్లు పోతుంది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను వేళాకోళం ఆడటం లేదని అర్థమయింది. "సరే" అన్నాడు చిన్నగా. ఆ 'సరే' విన్నాక నాకూ సంతోషం కలగలేదు. మనిషి నిజంగానే ఆ ఇంటిని ప్రేమించాడు. నాకు కావలసింది ఆయన గుండె పగలగొట్టడం కాదు, ఆ గోడల మధ్య నాకూ కాస్త చోటు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగారు. ఒకరు హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్, ఒకరు గ్రీన్ కార్డు, ఒకరు లేఆఫ్. నా వంతు వచ్చింది. "మా పొయ్యి కోసం" అన్నాను. నవ్వారు. కానీ ఒక ఆంటీ మాత్రం లేచి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా చెల్లెలి పొయ్యికి అడ్డుపడుతున్న ప్రతి శక్తినీ లయపరచుము" అని గంభీరంగా ప్రార్థించింది. నా పక్కనే కూర్చున్న అడ్డుపడుతున్న శక్తి తల వంచుకుని ఆమేన్ అంది.

విచారణకి ముందు కమిటీవాళ్ళు ఐదుగురూ ఇల్లు చూడటానికి వచ్చారు. మామ్మగారు అందరికన్నా ముందు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన క్షమాపణ మొదలుపెట్టాడు.

"మా వైఫ్‌కి రూల్స్ తెలియవండి, తెలియక చేసింది..."

"తెలిసే చేశాను" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. కమిటీలో ఒకాయన, సన్నగా పొడుగ్గా ఉన్నాడు, అంత పెద్ద వరండాలో సరిగ్గా ఈ మూలే ఎందుకు కోశారని అడిగాడు.

"ఇక్కడ గాలి రాదు. మిగతా మూలల్లో మంట నిలవదు" అన్నాను.

మామ్మగారు పకపకా నవ్వింది. ఎనభై ఏళ్ళ మనిషి అంత గట్టిగా నవ్వగలదని నాకు తెలియదు. "హనీ, ఆ ప్లైవుడ్ ముక్క తీయించు" అంది. తీయించాను. ఆవిడ టార్చి అడిగి గోడ లోపలికి వేసి, "ఇప్పుడు చూడండి" అని తన కమిటీని పిలిచింది.

గోడ లోపల నిలువుగా రెండు నల్లటి దూలాలు, పైన అడ్డంగా ఒకటి. తలుపు చట్రం. చెక్కంతా పొగచూరి ఉంది. బయట గోడ మీద, మా రేకు కింద, ఏటవాలుగా ఒక పాత చార, ఒకప్పుడు అక్కడ ఇంకో కప్పు ఆనుకుని ఉన్న గుర్తు. ఇవన్నీ అయ్యాక ఆవిడ కర్రతో మేం కోసిన పలకల ముక్కల్ని కదిపి, వాటిని మిగతా గోడ పలకలతో కొలవమంది. మా ఆయనే వంగి కొలిచాడు. కోసినవి వెడల్పు తక్కువ.

"అవి నేను కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు ఈ ఇంటివాళ్ళు కొట్టించినవి" అంది మామ్మగారు.

మా ఆయన ఒళ్ళో పెట్టుకుని ఏడ్చినవి దొంగ పలకలు! అనాల్సినదంతా ముఖం మీద పెట్టుకుని ఆయన వైపు చూశాను.

మామ్మగారు వరండా మెట్టు మీద కూర్చుని చెప్పింది. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఈ ఇంట్లో ఒక విధవరాలు ఉండేదట. ఇంటి వెనక, సరిగ్గా ఈ మూలలో, చెక్క వంటగది. ఎండాకాలం ఇల్లు వేడెక్కకుండా, వాసన లోపలికి రాకుండా. శనివారం శనివారం ఆవిడ ఏటి చేపలు వేయించి, వీధి పిల్లలకి కంచె మీంచి అందించేది. ఆవిడ పోయాక కోడలు కరెంటు పొయ్యి కొని, వెనక వంటగది కూలగొట్టించి, తలుపు మూయించింది.

"ఈ ఇంటికి వెనక సగం లేదని ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నాను. ఆధారం ఏదీ అంటారు వీళ్ళు. ముసలిదాని జ్ఞాపకం కోసం ఎవరైనా గోడ కోస్తారా?" అంది కమిటీ వైపు చూస్తూ. తర్వాత నా వైపు తిరిగి, "ఇంతలో నువ్వొచ్చి కోశావు. ఒక శనివారం కంచె దగ్గరికి వస్తే, మళ్ళీ అదే మూల నుంచి చేపల వాసన. నాకు మతి పోతోందేమోననుకున్నాను. ప్రతి శనివారం వచ్చి నిలబడి చూసుకున్నాను."

"మరి ఫిర్యాదు?" అన్నాను.

"నేనే చేశాను, హనీ. చేయకపోతే వీళ్ళు వచ్చి చూసేవాళ్ళా?"

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. నేనేదో తెలివైనదాన్ననుకున్నాను. ఆ ముసలావిడ నన్ను, మా ఆయన్ని, కమిటీని అందరినీ కలిపి తన కర్రతో నడిపించింది. చర్చి ఆంటీ ప్రార్థన ఎటు తిరిగి ఎటు వెళ్ళిందో దేవుడికే తెలియాలి.

నాకు మాత్రం ఆ పూట ఇంకేదో అయింది. అగ్గిపుల్ల పట్టుకుని నేను మూలలు వెతికినట్టే, నాకన్నా ముందు ఎవరో ఆడమనిషి ఇదే గాలిని ఇలాగే తిట్టుకుంటూ ఈ మూలకే వచ్చి నిలబడింది. ఆవిడ ఎవరో, ఏ భాష మాట్లాడేదో. ఆ ఇంట్లో నాకు ఒక చుట్టం ఉందని అప్పుడే తెలిసింది. ఆ నల్లటి దూలం మీద చెయ్యి వేసి నిమిరాను.

విచారణలో మామ్మగారు పెద్ద కుర్చీ దిగి, పొరుగుదానిగా సాక్ష్యం చెప్పింది. తీర్పు ఇలా వచ్చింది: ప్లైవుడ్, రేకు తీసేయాలి. పాత కొలతల ప్రకారం వెనక వంటగది చెక్క పలకలతో కట్టి తెల్లరంగు వేయాలి. మూసేసిన తలుపు తెరవాలి. ఒకసారి కట్టాక, కమిటీ అనుమతి లేకుండా దాన్ని ఎవరూ తీసేయడానికి వీల్లేదు.

"ఆ ఆఖరి మాట ఇంకోసారి చెబుతారా?" అన్నాను.

పొడుగాయన మళ్ళీ చదివాడు. మా ఆయన తలదించుకుని విన్నాడు.

వంటగది కట్టారు. ఈసారి చర్చి తమ్ముళ్ళు కాదు, పని తెలిసినవాళ్ళు. మొదటి శనివారం మామ్మగారికి పళ్ళెంలో నెత్తళ్ళు పెట్టి కంచె మీంచి అందించాను. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుంది. కారానికి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "ఆవిడ చేపలు ఇలా ఉండేవి కాదు" అంది. పళ్ళెం మళ్ళీ నా వైపు చాపి, "ఇంకాసిని పెట్టు" అంది.

అయినా నాకొక సందేహం మిగిలిపోయింది. వంటగది కమిటీది, తీర్పు మామ్మగారిది. మా ఆయనది ఏమిటి? ఆయన ఊరుకున్నాడే గానీ ఒప్పుకోలేదు. చుట్టాలొస్తే అప్పటికీ నిమ్మకాయ వాసన సీసా పట్టుకుని గదులన్నీ తిరిగేవాడు. అందితే నా మీద కూడా కొట్టేవాడేమో.

వసంతంలో మా వీధి పాత ఇళ్ళు చూపించే రోజు ఒకటి ఉంటుంది. జనం గుంపులుగా వస్తారు, ఇంటాయన నిలబడి చెప్పాలి. ముందు రోజు నుంచీ మా ఆయన నా వెంట పడ్డాడు. "ఆ ఒక్కరోజు పొయ్యి వెలిగించొద్దే. ప్లీజ్. ఊరంతా వస్తారు."

"సరే" అన్నాను. ఆయన దగ్గర నేర్చుకున్న 'సరే'నే, చిన్నగా అన్నాను.

మొదటి గుంపు ముందు గదిలోకి రాగానే పొయ్యి ముట్టించాను. నెత్తళ్ళు, ఎండుమిరపకాయలు, కరివేపాకు. వెనక వంటగది తలుపు కొంచెం, కొంచెమే, తెరిచి పెట్టాను. లోపల మా ఆయన చక్కటి ఇంగ్లీషులో పలకల సంగతి, కిటికీ అద్దాల సంగతి చెబుతున్నాడు. గొంతు గర్వంగా ఉంది. నాకు నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. ఈ ఇంట్లో నా చోటు ఆయన ఇప్పుడు ఏమంటాడన్నదాని మీదే ఉంది. క్షమించండి, మా ఆవిడ వండుతోంది అంటాడేమో. అంటే నేను మళ్ళీ చుట్టాన్నే.

ఎవరో గట్టిగా ముక్కు ఎగబీల్చారు. "ఈ వాసన ఏమిటి?" అంది ఒకావిడ.

నేను గరిటె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"అది ఈ ఇంటికి ఒరిజినలండీ" అన్నాడు మా ఆయన.